లేని రుథేనియం నగలోకి ఎలా వచ్చింది?

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్నగారి కాలం నుంచి నగల దుకాణాలకు బంగారం టచ్ చూసిపెట్టే చిన్న కేంద్రం నడుపుతున్నాము. గీటురాయిని పక్కన పెట్టి మూడేళ్ల క్రితం ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం (నగ మీద ఎక్స్‌రేలు పంపి, అది విడిచే కిరణాలను బట్టి అందులోని లోహాలను చెప్పేది) కొన్నాము. అందులో కిరణాలను లెక్కపెట్టే సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్, ఎక్స్‌రేలను పుట్టించే రోడియం ట్యూబు ఉన్నాయి. పోయిన శ్రావణమాసంలో రద్దీ తట్టుకోలేక ట్యూబ్ కరెంటును 200 మైక్రోయాంపియర్ల నుంచి 600కు పెంచి, ఒక్కో నగకు 60 సెకన్లకు బదులు 15 సెకన్లే తీసుకోవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి 916 నగలు చాలావాటిలో రుథేనియం అనే లోహం 0.3 నుంచి 0.5 శాతం, కొన్నిటిలో పల్లాడియం కూడా కొద్దిగా చూపిస్తోంది, బంగారం 91.1, 91.2 దగ్గరే ఆగిపోతోంది. గుంటూరు నుంచి నగలు తెచ్చే ఒక పెద్ద స్వర్ణకారుడిని, పొడి కలిపాడని ఒక దుకాణదారు నా స్లిప్పు చూపించి అందరి ముందూ నిలదీశాడు. ఆయన అదే నగను వేరేచోట ఫైర్ అసేకి (కరిగించి, బంగారాన్ని వేరుచేసి తూచే పరీక్షకు) ఇస్తే 916 వచ్చింది. తెర మీద ఇన్‌పుట్ రేటు సెకనుకు 1,50,000, అవుట్‌పుట్ రేటు 45,000, డెడ్ టైమ్ 70 శాతం, పీకింగ్ టైమ్ 3.6 మైక్రోసెకన్లు అని కనిపిస్తున్నాయి. డిటెక్టర్ పాడైందా? సెట్టింగులు ఎలా మార్చుకోవాలి? రుథేనియాన్ని మూలకాల జాబితాలోంచి తీసేస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. తీసేయమంటారా?

సమాధానం: చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరం చదివి మీలాంటివారు మరికొందరు ఆ పని ఈపాటికే చేసి ఉండవచ్చు. రుథేనియాన్ని జాబితాలోంచి తీసేయకండి. ఇరిడియం, రుథేనియం పొడులు బంగారంలో కలిపే మోసం నిజంగానే ఉంది. జాబితాలో లేని మూలకాన్ని యంత్రం వెతకదు కాబట్టి, తీసేసిన మరుక్షణం నుంచి అసలు కల్తీ కూడా మీ కంటికి కనబడకుండా పోతుంది. పైగా రుథేనియం పేరుతో కనబడిన శిఖరం స్పెక్ట్రంలో (ఏ శక్తి గల కిరణాలు ఎన్ని వచ్చాయో తెర మీద చూపే గీతలో) అలాగే ఉండిపోతుంది, దానికి పేరు మాత్రమే పోతుంది. మీరు పంపిన అంకెలను బట్టి చూస్తే డిటెక్టర్ పాడైందనడానికి ఆధారమేమీ లేదు. దాని మీదికి అది లెక్కపెట్టగలిగినదానికన్నా ఎక్కువ కిరణాలు పంపుతున్నారు, అంతే.

జరుగుతున్నది ఏమిటో చూద్దాం. బంగారం మీద ఎక్స్‌రే పడినప్పుడు అది విడిచే ముఖ్యమైన కిరణాలు రెండు: ఎల్-ఆల్ఫా 9.71 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర, ఎల్-బీటా 11.44 దగ్గర ఉంటాయి. (ఇకమీదట ఈ కొలమానాన్ని కె.ఇ.వి. అని రాస్తాను.) డిటెక్టర్‌లోకి వచ్చిన ఒక్కో ఫోటాన్ (కిరణపు రేణువు) ఒక్కో విద్యుత్ స్పందనగా మారుతుంది, ఆ స్పందన ఎత్తును బట్టి అది ఏ మూలకానిదో యంత్రం నిర్ణయిస్తుంది. రెండు ఫోటాన్లు దాదాపు ఒకే క్షణాన వచ్చి పడితే, వాటిని రెండుగా విడదీయలేక, రెంటి శక్తినీ కలిపి ఒకే పెద్ద ఫోటాన్ వచ్చిందని నమోదు చేస్తుంది. దీన్నే పైల్-అప్ అంటారు, దానివల్ల ఏర్పడే శిఖరాన్ని సమ్ పీక్ అంటారు. ఇప్పుడు కూడిక చేసి చూడండి. 9.71కి 9.71 కలిపితే 19.42, రుథేనియం విడిచే ముఖ్య కిరణం కె-ఆల్ఫా ఉండేది 19.28 దగ్గర. 9.71కి 11.44 కలిపితే 21.15, పల్లాడియం కె-ఆల్ఫా ఉండేది 21.18 దగ్గర. ఎల్-బీటాలు రెండు కలిస్తే 22.88 వస్తుంది, అది కాడ్మియం కె-ఆల్ఫా ఉండే 23.17కు చేరువ. 20 కె.ఇ.వి. ప్రాంతంలో మంచి సిలికాన్ డిటెక్టర్‌కు కూడా శిఖరం వెడల్పు 200 ఎలక్ట్రాన్‌వోల్టులు దాటుతుంది, 19.42కూ 19.28కీ మధ్య తేడా 140 మాత్రమే. అందువల్ల ఆ రెండు బంగారు ఫోటాన్ల జంటకు యంత్రం రుథేనియం అని పేరు పెట్టింది. మీకు కనిపించిన రుథేనియమూ పల్లాడియమూ ఆ నగలో ఉన్న బంగారపు నీడలే అని నా అభిప్రాయం.

ఆ నీడ బంగారం శాతాన్ని ఎందుకు తగ్గించిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇటువంటి యంత్రాల్లో చాలావాటి సాఫ్ట్‌వేరు, కనిపించిన మూలకాలన్నిటి మొత్తాన్ని 100కు సరిపెడుతుంది. అక్కడ లేని రుథేనియానికి 0.4 శాతం చోటిస్తే ఆ చోటు మిగతా మూలకాలన్నీ తమ వాటా ప్రకారం వదులుకోవాలి; 91.6 ఉన్న బంగారం 91.2కు దిగుతుంది. మీ స్లిప్పులో కనబడిన అంకె అచ్చంగా అదే. అంటే ఆ స్వర్ణకారుడి మీద పడిన నింద రెండు వైపుల నుంచీ ఒకే తప్పు నుంచి వచ్చింది: ఒకవైపు లేనిదాన్ని ఉన్నట్టు చూపించింది, మరోవైపు ఉన్నదాన్ని తక్కువగా చూపించింది. చూసేవారికి మాత్రం ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నట్టు కనబడింది.

ఇటువంటి పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం గుంటూరులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తున్నప్పుడు, ఇనుము బాగా ఉన్న ఎర్రమట్టి నమూనాలో సీసం ఉందని రాసి ఇచ్చాను. ఇనుము కె-ఆల్ఫా 6.40, రెండు కలిస్తే 12.80. సీసం ఎల్-బీటా 12.61. సీసం నిజంగా ఉంటే 10.55 దగ్గర దాని ఎల్-ఆల్ఫా కూడా కనబడాలి కదా అని నేను ఆనాడు చూడలేదు. ఆ పొలం రైతు వారం రోజులు తన బావి నీళ్లు తాగడానికి భయపడ్డాడని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ఒక్క శిఖరాన్నే నమ్మి ఏ మూలకం పేరూ రాయలేదు. మీ ఉత్తరాన్ని ఇంత వివరంగా తీసుకోవడానికి కారణం అదే.

నా అభిప్రాయాన్ని మీరు ఊరికే నమ్మనక్కరలేదు. మీ యంత్రం మీదే పావుగంటలో తేల్చుకోవచ్చు. 999 మేలిమి బంగారం ముక్క ఒకటి తీసుకోండి. దాన్ని కదపకుండా, మిగతా సెట్టింగులేవీ మార్చకుండా, కరెంటును 600, 400, 200, 100 మైక్రోయాంపియర్లకు దించుకుంటూ నాలుగుసార్లు కొలవండి. కరెంటు తగ్గినకొద్దీ సమయం పెంచి, ప్రతిసారీ బంగారం ఎల్-ఆల్ఫా కౌంట్లు ఇంచుమించు సమానంగా వచ్చేటట్టు చూసుకోండి. ఒక ఫోటాన్ వల్ల వచ్చే అసలు శిఖరం కరెంటుతోపాటు సమానంగా తగ్గుతుంది. రెండు ఫోటాన్లు కలిస్తే గాని పుట్టని శిఖరం కరెంటు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. కాబట్టి కరెంటు సగమైతే ఎల్-ఆల్ఫాతో పోల్చినప్పుడు 19.4 దగ్గరి శిఖరం వాటా కూడా సగమవ్వాలి. నిజమైన రుథేనియమైతే ఆ వాటా ఏ కరెంటు దగ్గరైనా మారదు. తర్వాత వివాదం వచ్చిన నగనే పెట్టి ఇదే పరీక్ష చేయండి. దానికి తోడుగా 21.66 దగ్గర రుథేనియం కె-బీటా కోసం కూడా చూడండి. కె-ఆల్ఫా నిజమైతే దానిలో ఐదారో వంతు ఎత్తున అది ఉండి తీరాలి. ఇంకొక గుర్తు కూడా ఉంది: రుథేనియం, ఇరిడియం బంగారంలో కరిగి కలిసిపోవు, గట్టి రేణువులుగా అక్కడక్కడా నిలిచిపోతాయి. కనుక నిజంగా కలిపిన నగలో ఒక చోట ఎక్కువ, మరొక చోట తక్కువ చూపిస్తుంది. అన్ని నగల్లోనూ, అన్ని చోట్లా ఒకే తీరున రావడం సమ్ పీక్ లక్షణం.

ఫైర్ అసే గురించి ఒక మాట చెప్పాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం బంగారం స్వచ్ఛతను చివరికి తేల్చేది అదే; 2021 జూన్ 23 నుంచి తప్పనిసరి అయిన హాల్‌మార్కింగ్‌లోనూ ఎక్స్‌రే పరీక్ష తొలి జల్లెడ మాత్రమే. అయితే ఇరిడియం, రుథేనియం నైట్రిక్ ఆమ్లంలో కరగవు కాబట్టి, వెండిని విడదీసే దశలో అవి బంగారంతోపాటే మిగిలి బరువులో కలుస్తాయి. అందుచేత 916 అని వచ్చిన కాగితం ఒక్కటే ఆ స్వర్ణకారుడిని పూర్తిగా నిర్దోషిగా నిలబెట్టదు. పైన చెప్పిన కరెంటు పరీక్ష నిలబెడుతుంది. రెండూ కలిస్తే ఇక ఎవరూ వేలెత్తి చూపడానికి వీలుండదు.

ఇక సెట్టింగుల విషయం. 600 మైక్రోయాంపియర్లకు పెంచడం వల్ల మీకు నిజంగా కలిసివచ్చింది ఎంతో లెక్క వేద్దాం. ఒక్కో స్పందనను కొలవడానికి యంత్రం పీకింగ్ టైమ్‌కు (స్పందన పూర్తి ఎత్తుకు చేరడానికి ఇచ్చే సమయానికి) రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది, మీకు 3.6 ఉంది కనుక సుమారు 8 మైక్రోసెకన్లు అనుకోండి. ఆ లోపల మరొకటి వస్తే, విడిగా గుర్తుపట్టగలిగినా, రెంటినీ పారేస్తుంది. ఈ లెక్కన సెకనుకు 1,50,000 ఫోటాన్లు వస్తే 45,000 మాత్రమే నమోదవుతాయి, మీ తెర మీద ఉన్నదీ అదే. కరెంటు 200 దగ్గర ఉన్నప్పుడు 50,000 వచ్చి ఉంటాయి, వాటిలో 33,000 పైచిలుకు నమోదై ఉంటాయి. అంటే మూడు రెట్లు కిరణాలు పంపితే లెక్కకు వచ్చినవి మూడో వంతు మాత్రమే పెరిగాయి. నీడల వాటా మాత్రం పూర్తిగా మూడు రెట్లయింది. ఈ 8 మైక్రోసెకన్ల అమరికకు గరిష్ఠ అవుట్‌పుట్ 1,25,000 ఇన్‌పుట్ దగ్గర వస్తుంది, అప్పుడు డెడ్ టైమ్, అంటే యంత్రం కొత్త ఫోటాన్‌ను లెక్కపెట్టలేని సమయం, 63 శాతం ఉంటుంది. దాన్ని దాటాక కరెంటు పెంచినకొద్దీ అవుట్‌పుట్ తగ్గుతుంది. మీరు ఆ శిఖరం దాటి అవతలి వాలు మీద ఉన్నారు.

మీ సర్వీసు ఇంజినీరు బహుశా పీకింగ్ టైమ్ తగ్గించమంటారు. తగ్గిస్తే డెడ్ టైమ్ అంకె చూడముచ్చటగా దిగిపోతుంది. కానీ ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఈ రంగంలో అనుభవం ఉన్నవారు కూడా పొరబడేది ఇక్కడే. యంత్రంలో రెండు దారులున్నాయి. శక్తిని కొలిచే దారి నెమ్మదైనది, పీకింగ్ టైమ్ దానిదే. స్పందనలు ఎన్ని వచ్చాయో గమనించే వేగవంతమైన దారి వేరు. రెండు ఫోటాన్లను రెండుగా గుర్తించి పారేయడం ఆ వేగవంతమైన దారి పని. అది విడదీయగలిగే కనీస వ్యవధి, మాటవరసకు 100 నానోసెకన్లు అనుకుంటే, ఆ వ్యవధి లోపల పడిన జంట ఏ పీకింగ్ టైమ్ పెట్టినా ఒకటిగానే కనబడుతుంది. మొత్తం 1,50,000లో మూడో వంతు బంగారం ఎల్-ఆల్ఫావి అయితే, ప్రతి 200 ఎల్-ఆల్ఫాలకు ఒక జంట చొప్పున ఇలా తప్పించుకుంటుంది. అందువల్ల పీకింగ్ టైమ్ తగ్గిస్తే వృథా తగ్గుతుంది గాని నీడలు తగ్గవు. నీడలను తగ్గించేది ఇన్‌పుట్ రేటు ఒక్కటే. డెడ్ టైమ్ శాతం చూసి తృప్తిపడకుండా, ఇన్‌పుట్ రేటును మీ తెర మీద ప్రధానమైన అంకెగా పెట్టుకోండి.

పీకింగ్ టైమ్ బాగా తగ్గిస్తే మరొక నష్టం ఉంది. విద్యుత్ రొద పెరిగి శిఖరాలు వెడల్పవుతాయి. ఇరిడియం ఎల్-ఆల్ఫా 9.18 దగ్గర ఉంటుంది. దానికి ఒకవైపు 8.91 దగ్గర రాగి కె-బీటా, మరోవైపు 9.71 దగ్గర కొండంత బంగారం ఎల్-ఆల్ఫా. ఆ ఇరుకు సందులో అర శాతం ఇరిడియాన్ని పట్టుకోవాలంటే శిఖరాలు సన్నగా ఉండాలి. మీ దగ్గర స్వచ్ఛమైన రాగి ముక్క ఉంటుంది కదా, దాని కె-ఆల్ఫా 8.05 దగ్గర సగం ఎత్తులో వెడల్పు చూడండి. మంచి స్థితిలో ఉన్న సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్ అక్కడ 145 నుంచి 155 ఎలక్ట్రాన్‌వోల్టులు ఇవ్వాలి. ఏ సెట్టింగుతోనైనా 137కు దిగువకు పోవడం సాధ్యం కాదు, సిలికాన్‌లో ఆవేశాలు పుట్టే తీరులోనే ఉన్న ఆ హద్దుకు 1947లో ఉగో ఫానో అనే భౌతిక శాస్త్రవేత్త వేసిన లెక్కే మూలం. పీకింగ్ టైమ్‌ను ఒక్కో మెట్టు తగ్గిస్తూ రాగి వెడల్పు రాసుకోండి. వెడల్పు గమనించదగినంతగా పెరగడం మొదలైన మెట్టుకు ముందు మెట్టు మీకు తగినది. చాలా యంత్రాల్లో అది రెండు నుంచి నాలుగు మైక్రోసెకన్ల మధ్య పడుతుంది, కనుక మీ 3.6లో పెద్ద తప్పేమీ లేదు. మీ పక్క దుకాణంలో పిన్-డయోడ్ డిటెక్టర్ ఉన్న పాత యంత్రం ఉంటే ఈ అంకెలు దానికి పనికిరావు, దానికి పది మైక్రోసెకన్లకు పైగానే కావాలి.

వేగవంతమైన దారికి ఫాస్ట్ థ్రెషోల్డ్ అనే హద్దు ఒకటి ఉంటుంది. అది మరీ ఎక్కువగా ఉంటే చిన్న స్పందనలను ఆ దారి గమనించదు, వాటితో కలిసిన జంటలు తప్పించుకుంటాయి. మరీ తక్కువగా ఉంటే రొదనే ఫోటాన్లనుకొని మంచివాటిని కూడా పారేస్తుంది. ట్యూబు ఆపి ఉంచి, డిటెక్టర్ చల్లబడిన తర్వాత, ఇన్‌పుట్ రేటు సెకనుకు కొన్ని కౌంట్లకు పడిపోయే దాకా ఆ హద్దును కొద్దికొద్దిగా పెంచి అక్కడ ఆపండి. పైల్-అప్ రిజెక్షన్ అనే మీట ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. ఎవరైనా వేగం కోసం ఆపి ఉంటే కథ అక్కడే తేలిపోతుంది.

వోల్టేజీని 40 నుంచి 45 కిలోవోల్టుల మధ్య ఉంచండి. వెండి కె-కిరణాలు వెలువడాలంటే 25.5 కె.ఇ.వి., కాడ్మియానికి 26.7 కె.ఇ.వి. దాటిన ఎక్స్‌రేలు కావాలి, అవి తగినన్ని రావాలంటే ఈ వోల్టేజీ అవసరం. కరెంటును మాత్రం నగను బట్టి మార్చుకోవాలి. నల్లపూసల మధ్య చిన్న గుండును, మందపాటి వడ్డాణాన్ని ఒకే కరెంటుతో కొలవడం సరికాదు. కాలిమేటర్ (కిరణాలను సన్నని పాయగా పంపే రంధ్రం) నిండా బంగారం ఉన్నప్పుడు కిరణాలు ఎక్కువ వస్తాయి. మీ అమరికకు ఇన్‌పుట్ రేటు 50,000 దాటకుండా, డెడ్ టైమ్ మూడో వంతు దగ్గర ఉండేలా కరెంటును సరిచేసుకోండి. అనుమానం వచ్చిన నగకు 20,000కు దించి మళ్లీ కొలవండి.

అప్పుడు సమయం పెరుగుతుంది, నిజమే. రద్దీలో 60 సెకన్లు ఎంత భారమో నాకు తెలుసు. కానీ కౌంట్ల లెక్కలో తప్పించుకోలేని నియమం ఒకటుంది: 10,000 కౌంట్లకు ఒక శాతం ఊగిసలాట, 1,00,000కు 0.3 శాతం, 10,00,000కు 0.1 శాతం. 916నూ 910నీ వేరుచేసి చెప్పాలంటే మీకు కావలసింది 0.65 శాతం తేడాను నమ్మకంగా చూడడం. బంగారానికి 15 సెకన్లలోనే కావలసినన్ని కౌంట్లు వస్తాయి. వెనకబడేది వెండి, దాని కౌంట్లు కొద్ది, దాని ఊగిసలాటే చివరికి బంగారం అంకెను కూడా ఊపుతుంది. కనుక కొలత సమయాన్ని రియల్ టైమ్‌లో (గడియారపు సమయంలో) కాక లైవ్ టైమ్‌లో (డెడ్ టైమ్ తీసేయగా మిగిలిన సమయంలో) 40 సెకన్లుగా పెట్టండి. గడియారంలో అది 60 అవుతుంది. ఒక్కో నగకు ముప్పావు నిమిషం ఎక్కువ పడుతుందని దుకాణదారులకు ముందే చెప్పండి, ఒప్పుకుంటారు.

ఇక విజయవాడ ఎండ. ఈ డిటెక్టర్ సున్నాకు ఇరవై, ముప్పై డిగ్రీల దిగువన పనిచేస్తుంది, దాన్ని అంత చల్లగా ఉంచే పెల్టియర్ శీతలకం బయటి వేడి పెరిగినకొద్దీ అలసిపోతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో డిటెక్టర్ ఉష్ణోగ్రత అంకె నిలకడగా లేకపోతే ఆ రోజు స్లిప్పు ఇవ్వకండి. వేడి మారితే గెయిన్ (స్పందన ఎత్తును శక్తి అంకెగా మార్చే కొలత) కూడా జరుగుతుంది, 0.1 శాతం జరిగినా వెండి శిఖరం దగ్గర 22 ఎలక్ట్రాన్‌వోల్టుల తేడా వస్తుంది. రోజూ ఉదయం యంత్రం అరగంట నడిచాక ఒకసారి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మరొకసారి, రాగి ముక్క 8.05 దగ్గర, వెండి ముక్క 22.16 దగ్గర నిలిచాయో లేదో చూసి పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం మీకు ఏ సర్టిఫికేటు కన్నా ఎక్కువ రక్షణ.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. శ్రావణం నుంచి ఇప్పటివరకు 600 మైక్రోయాంపియర్ల దగ్గర ఇచ్చిన స్లిప్పుల్లో రుథేనియం గానీ పల్లాడియం గానీ ఉన్నవన్నిటినీ బయటికి తీయండి. ఆ నగలు ఇంకా ఎవరి దగ్గర ఉన్నాయో వారికి కబురుపెట్టి, డబ్బు తీసుకోకుండా మళ్లీ చూసి, కొత్త స్లిప్పు ఇవ్వండి. అన్నిటికన్నా ముందు గుంటూరు వెళ్లి ఆ పెద్దాయనను మీరే స్వయంగా తీసుకురండి. నిలదీసిన దుకాణదారును కూడా అదే గంటకు పిలవండి. ఇద్దరి ముందూ అదే నగను మొదట 600 దగ్గర, తర్వాత 200 దగ్గర, ఆ తర్వాత 100 దగ్గర కొలిచి, 19.4 దగ్గరి శిఖరం ఎలా కుంగిపోతుందో తెర మీద చూపించండి. అది కుంగితే పాత స్లిప్పు తప్పని మీ చేతిరాతతో రాసి, సంతకం చేసి, ఆయన చేతికి ఇవ్వండి.